ఎండ కరెంటు

తిరువళ్లూరులో మా ఇంటికి కారు ఛార్జర్ బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పెట్టె చేతిలో పట్టుకుని, ఏ గోడకు పెట్టాలని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నా కుడిచెయ్యి తిరగబడి పడమటి గోడమీద వాలింది. అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. చురుక్కుమంది. ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లి అక్కడా అలాగే ఆనించి చూశాను. చల్లగా ఉంది. ఇక్కడ పెట్టు అన్నాను. అతను నవ్వి, సార్ మీరు లైను పనిలో ఉండేవారా, మేమూ చెయ్యి ఇలాగే తిప్పి చూస్తాం, షాకు కొట్టినా చెయ్యి పట్టుకుపోదని, అన్నాడు. కాదయ్యా, మాది చీరల కొట్టు, ఇది మా అత్త అలవాటు అన్నాను. షాకు సంగతి తెలిసి ఆవిడ అలా చేసేది కాదు. ఆవిడ లోకాన్నంతా ఆ వెనకచేత్తోనే చూసింది.

అతను గోడకు బెజ్జం వేస్తున్నంతసేపూ ఆ చెయ్యే నా కళ్లముందు ఆడింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయినప్పుడు నేను సరిగ్గా ఏడవలేదు. కొట్టు, పిల్లల పరీక్షలు, వచ్చేపోయేవాళ్లు, అలా గడిచిపోయింది. ఇప్పుడు డ్రిల్లు మిషను గుర్రుమంటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. గోడ దుమ్ము పడిందని మా ఆవిడతో చెప్పాను, ఆవిడ నమ్మలేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మా నాన్న మగ్గం గుంటలోంచి లేచి తిరువళ్లూరుకొచ్చి చీరల కొట్టు పెట్టుకున్నాడు. ఆవిడ తిరుత్తణి శివార్లలోని నేతవీధికి కోడలిగా పోయి మరో మగ్గం గుంట పక్కన కాపురం పెట్టింది. మామ గుంటలో కూర్చుని నేసేవాడు. నేతకు ముందు జరిగే పనంతా అత్తది. నూలు తోడడం, పడుగు, అంటే చీర నిలువు పోగులు, సాగదీయడం, గంజి పెట్టడం. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు కట్టి గంజి పట్టించి ఆరబెట్టేవాళ్లు. ఎంత ఆరిందో చూడాల్సింది అత్తే. చెయ్యి వెనక్కి తిప్పి పోగులమీద ఆనించి, ఇంకా కొంచెం ఉండనీండి అనేది. మిగతా ఇళ్లవాళ్లు కూడా తమ పడుగు దగ్గరికి ఆవిడను పిలుచుకుపోయేవాళ్లు.

అరచేత్తో చూడొచ్చు కదా అని చిన్నప్పుడు అడిగాను. ఆవిడ చెప్పిన జవాబు నాకిప్పటికీ నోటికుంది. "అరచెయ్యి అబద్ధం చెప్తాది అల్లుడా. పనిచేసి పనిచేసి మొద్దుబారి ఉంటాది. వెనకచెయ్యి ఏ పనీ చేసుండదు చూడు, అదే నిజం చెప్తాది."

అలా ఆవిడ చెయ్యి తిప్పని వస్తువు లేదు. పిల్లల నొసలు, ఇడ్లీ కుండ, బస్సు కిటికీ కమ్మీ, కొత్తగా కొన్న టీవీ వీపు. మా కొట్టులో ఏసీ పెట్టిన రోజు వచ్చి, చల్లగాలి వచ్చే చోటు కాకుండా పక్కకు తిరిగి దాని వైరు మీద చెయ్యి ఆనించి, దీనికి జ్వరం వస్తాది చూసుకో అని చెప్పి కూర్చుంది. ఆ ఏసీ ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది. ఆవిడ చెయ్యి ప్రతిసారీ నిజమే చెప్పిందని నేననను. కానీ చెప్పడం మాత్రం ఎప్పుడూ మానలేదు.

ఆవిడకు ఇంకో మాట ఉండేది. మెల్లిగా తాగిందే నిలుస్తాది. అది గంజి గురించిన మాట. పడుగు తొందరపడి గంజి తాగితే పైపైన అంటుకుని మగ్గం మీద పొట్టు పొట్టుగా రాలిపోతుందట, నిదానంగా తాగితే పోగు లోపలికి దిగుతుందట. ఆవిడ దాన్ని గంజి దగ్గర వదలకుండా ఊరంతటికీ అంటించింది. పిల్లల చదువుకు, కొత్త కోడళ్లకు, వాన నీళ్లకు, చివరికి కారు బ్యాటరీకి.

కారు ఎందుకొచ్చిందో చెప్పాలి. వాళ్ల వీధికి నూలిచ్చి చీరలు తీసుకుపోయే ముదలాళి, అంటే వాళ్లకు పని ఇచ్చే వ్యాపారి, ఒక పండగ వెళ్లాక చేతిమగ్గం చీర ఇక నాకు వద్దు అని చెప్పేశాడు. మరమగ్గం చీర అమ్ముకోవడం సులభమన్నాడు. ఆయన తప్పని కూడా అనలేను, నా కొట్టులోనూ అదే ఎక్కువ కదులుతుంది. వీధిలో అప్పటికి నాలుగిళ్లలోనే మగ్గాలు మిగిలాయి. మిగతా ఇళ్ల పిల్లలు పొద్దున్నే వీధి మొదట్లో ఆగే కంపెనీ బస్సెక్కి వెళ్లిపోతున్నారు. ఈ నాలుగు కూడా విప్పేద్దామనే మాట వచ్చింది. మగ్గం విప్పితే మళ్లీ బిగించేవాళ్లుండరు. ఆ కర్ర పొయ్యిలోకి పోతుంది.

చీరలు అడిగేవాళ్లు లేక కాదు. పక్కింటి కోడలు వల్లి చీరల ఫోటోలు తీసి ఫోన్లో పెడుతుంటే మద్రాసులో ఆడవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు మడత నలగకుండా, వారం వారం, చేతికి చేర్చాలి. మామ మోపెడ్ మీద మూట వేసుకుని తిరిగిన కాలం పోయింది, చక్కెర జబ్బుతో ఆయన చూపు మసకబారింది. మగ్గం మీద మాత్రం చేతులకే కళ్లున్నట్టు నేస్తాడు. బస్సులో మూట వేస్తే కండక్టరుతో తగువు, దిగేసరికి చీరంతా ముడతలు. బండి ఒకటి ఉంటే నాలుగు మగ్గాలు నిలబడతాయని అత్త అనేది. నడిపేదెవరని మామ అడిగేవాడు. ఆవిడ నూలు తోడుకునేది.

ఒకనాడు తిరుత్తణి కొండ కింద టీకొట్టు ముందు అత్త నిలబడి ఉంటే, కొండ దిగివచ్చిన ఒక కారు చప్పుడు లేకుండా ఆవిడ పక్కనే ఆగింది. ఆవిడ ఊరుకుంటుందా, చెయ్యి తిప్పి దాని ముందు రేకుమీద ఆనించింది. కొండ ఎక్కి దిగిన బండి కాలిపోతూ ఉండాలి. ఇది ఎండకు వెచ్చబడినంతే ఉంది. లోపలున్న అబ్బాయి కంగారుపడి దిగివచ్చాడట. ఆవిడ వాడిని నిలబెట్టి అన్నీ అడిగింది. ఇది కరెంటు బండి అవ్వా, గేర్లు లేవు, రెండే పెడళ్లు అని వాడు చెప్పాడు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"రెండే తొక్కుడంట అల్లుడా. మగ్గానికే నాలుగుండాయి. మీ మామ మగ్గం నేను తొక్కలేదా ఏంది?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. వారం తిరక్కుండా మూడుసార్లు ఫోన్ చేసింది. చివరికి నాకు తెలిసినవాళ్ల దగ్గర ఒక చిన్న పాత కరెంటు కారు దొరికింది, వాళ్లు పెద్దది తీసుకుంటూ దీన్ని వదిలించుకుంటున్నారు. నాలుగిళ్లవాళ్లూ కలిసి కొన్నారు. నడపడం నేను నేర్పాను. నేర్పానని గొప్పగా చెప్పుకుంటాను గానీ ఆవిడ పాదాలకు నేర్పాల్సిందేమీ లేదు. ఎంత తొక్కాలో, ఎప్పుడు వదలాలో ఆ కాళ్లకు ముందే తెలుసు. చేతులే కొంచెం మొరాయించాయి. ఒక్కటే చిక్కు. మగ్గం గుంటలోకి ఎవరూ చెప్పులతో దిగరు కదా, ఆవిడ కారుకూ అదే లెక్క కట్టింది. తలుపు తీసి, చెప్పులు కింద విడిచి, ఉత్త కాళ్లతో ఎక్కి కూర్చునేది. తిరుత్తణిలో విడిచిన చెప్పులు తిరుత్తణిలోనే ఉండేవి. తిరువళ్లూరులో మా కొట్టు ముందు దిగాక కాళ్లు చురుక్కుమంటే అప్పుడు గుర్తొచ్చేవి. చివరికి నేను ఆవిడ కొలత చెప్పుల జత ఒకటి కొట్టులో గల్లాపెట్టె కిందే ఉంచాను.

ఇక ఛార్జింగు కథ. కారు వచ్చిన కొత్తలో ఆవిడ వంటింటి ప్లగ్గుకు పొడుగు వైరు తగిలించి, కిటికీలోంచి బయటికి లాగి, కారుకు గుచ్చింది. కాసేపటికి ప్లగ్గు మీద చెయ్యి తిప్పి పెట్టి చూసి, పీకేసి, నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి ప్లగ్గు ఒక పక్క మెత్తబడి వంకరపోయింది. ఇంకాస్తసేపు ఉంచి ఉంటే కిటికీ పరదా అంటుకునేదే. ఈసారి మాత్రం ఆవిడ చెయ్యి నిజమే చెప్పింది, ఒప్పుకుంటాను. దీనికి తనిగా వేరే లైను లాగాలి, ఎర్త్ గుంత తవ్వాలి అని నేను గట్టిగా చెప్పాను. ఆవిడా ఒప్పుకుంది. ఎర్త్ గుంత అంటే మట్టిలో రాగి కడ్డీ దించి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చేది, కరెంటు ఎక్కడైనా తప్పితే మనిషి మీదికి రాకుండా భూమిలోకి పోతుంది. దాని దగ్గర మట్టి తడిగా ఉండాలని చెప్పాను. అంతే, మర్నాటినుంచి ఆవిడ దానికి రోజూ చెంబుడు నీళ్లు పోసింది. కొన్నాళ్లకు పోయి చూస్తే చుట్టూ ముగ్గు కూడా వేసి ఉంది.

ఏ ఛార్జర్ పెట్టాలన్న దగ్గర మా ఇద్దరికీ పడలేదు. నేను ఫోన్లో చదివి చదివి ఉన్నాను. గోడకు బిగించే పెద్దది పెట్టు, రెండుమూడు గంటల్లో నిండుతుంది, దానికి తగ్గట్టు మీటరు లోడు పెంచుకో అన్నాను. కారుతో వచ్చిన చిన్నదే చాలని ఆవిడ. అది పొద్దున పెడితే పొద్దు వాలేదాకా తాగుతూనే ఉంటుంది. ఆలస్యం అమృతం విషం అత్తా అన్నాను. అమృతమైనా గటగటా తాగితే పొలమారతాది పోరా అంది. వారానికి ఒక్క పయనం ఉన్నదానికి అంత తొందర ఎవరికని అడిగింది.  అయినా కారు కొన్నాక పెద్ద ఛార్జర్ లేకపోతే ఏం మర్యాద అన్నట్టు నేను చాలాసేపు వాదించాను.

అసలు తగువు ఏ మీటరు మీద పెట్టాలన్నది. ఇంట్లో రెండు మీటర్లున్నాయి. ఒకటి ఇంటిది. మా వైపు రెండు నెలలకోసారి లెక్క తీస్తారు. మొదట కొన్ని యూనిట్లు ఉచితం, తర్వాత వాడేకొద్దీ మెట్టు మెట్టుగా రేటు పెరుగుతుంది. కారును దానిమీద పెడితే ఇల్లు పైమెట్లు ఎక్కి కూర్చుంటుంది. రెండోది మగ్గం గదిది, నేతవాళ్లకు సర్కారు ఇచ్చే రాయితీ దానికుంది. లైను లాగడానికి వచ్చిన మనిషి గొంతు తగ్గించి, మగ్గం మీటరు మీద వేసేద్దాం, ఎవరు చూడొస్తారు అన్నాడు.  నేను కూడా, నిజం చెప్పాలంటే, పోనీలే అనుకున్నాను. అత్త ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి, గ్లాసు తీసుకునేటప్పుడు మాత్రం చెప్పింది.

"మగ్గం కరెంటు మగ్గానికేనప్పా. కారు కోసరం అడిగి తీసుకుంటాం, దొంగతనంగా వద్దు. రేపు తెలిస్తే నాలుగు మగ్గాలకూ పోతాది."

మూడో దారి కారుకని వేరే కనెక్షన్ తీసుకోవడం. దానికి ఉచితం లేదు, రాయితీ లేదు. నేను కాగితం మీద లెక్కలు వేసి, ఇంటి మీటరే మేలని చూపించబోయాను. ఆవిడ కాగితం కేసి చూడనే లేదు. కారు నాలుగిళ్లది, అది తాగిందేదో దాని మీటర్లోనే తెలియాలి, మా ఇంటి మీటర్లో కలిస్తే మా ఇంట్లో ఫ్యాను తిరిగినా వాళ్లకు అనుమానం, వాళ్లు అడగలేకా ఉండలేకా మొహం ముడుచుకుంటే చీరలెవరు నేస్తారు అని అడిగింది. లెక్కలో నేను సరి, మనుషుల్లో ఆవిడ సరి. ఇద్దరం కలిసి కరెంటాఫీసుకు వెళ్లాం, మా వైపు దాన్ని అందరూ ఈబీ అంటారు. అక్కడ కౌంటరులో ఒకమ్మాయి ఓపిగ్గా అన్నీ చెప్పింది. కారు కనెక్షన్‌కు వేళను బట్టి రేటు మారుతుందట. పొద్దున్నా సాయంత్రం అందరూ వాడే వేళ ఎక్కువ, ఎండ కాసే వేళ తక్కువ. ఎందుకలా అని అత్త అడిగింది. ఎండతో తయారయ్యే కరెంటు ఆ వేళ దండిగా ఉంటుందమ్మా అని ఆ అమ్మాయి అరవంలో చెప్పింది. అత్త మొహం వెలిగిపోవడం అప్పుడు చూశాను.

"మన పడుగు మాదిరే కదరా. ఎండ ఉండంగానే పని జరిగిపోవాల. ఇది ఎండ కరెంటు."

అప్పటినుంచీ ఆవిడ దానికి ఆ పేరే పెట్టింది. కొత్త మీటరు ఎక్కడ పెట్టాలో గోడలన్నిటికీ చెయ్యి తిప్పి చూసి, మగ్గం గది బయటి గోడ చల్లగా ఉందని అక్కడే పెట్టించింది. దాని పెద్ద స్విచ్చు మాత్రం గోడ లోపలివైపు, మగ్గం గది స్విచ్చు పక్కన వచ్చింది. ఇద్దరం చూశాం, బాగుందనుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం.

ఛార్జింగు పెట్టే రోజల్లా ఒకే దృశ్యం. ఎండ ఎక్కగానే అత్త బయటికొచ్చి కారుకు వైరు గుచ్చేది. ఎర్త్ గుంతకు నీళ్లు పోసేది. ప్లగ్గు మీద చెయ్యి తిప్పి పెట్టి కాసేపు నిలబడేది. లోపల గుంటలోంచి మామ మగ్గం ఆపి, "ఏంది, తాగతా ఉందా?" అని అరిచేవాడు. "తాగతా ఉండాది" అని ఆవిడ చెప్పేది. అప్పుడు పేక పోగు తీసుకుపోయే నాడె మళ్లీ అటూ ఇటూ ఆడేది. ఆయనకు కారు కనిపించదు, ఛార్జింగ్ లైటు కనిపించదు. ఆవిడ మాటే ఆయనకు మీటరు.

మద్రాసులో ఒక పెద్ద ఇంటివాళ్లు పెళ్లికని చీరలన్నీ ఈ వీధిలోనే నేయించారు. నాలుగు మగ్గాల మీదా అదే పని నడిచింది. నమ్మకంగా వేళకు చేరితే ఇకమీద వాళ్ల చుట్టాలంతా ఇక్కడే నేయిస్తారని వల్లితో అన్నారట. తీసుకుపోవాల్సిన రోజు అమావాస్య మర్నాడు. అమావాస్యకు మగ్గానికి సెలవు. ఆ రోజు మా నేతవీధుల్లో ఏ మగ్గమూ ఆడదు. అత్త ఆ పొద్దున మగ్గం తుడిచి, బొట్టు పెట్టి, కర్పూరం చూపించి, మగ్గం గది గోడమీద స్విచ్చు దించేసి తలుపు మూసేది. మళ్లీ మర్నాడే తెరవడం. పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఆ గోడమీద ఉన్నదంతా మగ్గానిదే. ఆ అమావాస్య కూడా కారుకు ఎండవేళ వైరు గుచ్చి, లోపలికెళ్లి కర్పూరం చూపించి, అలవాటు చెయ్యి పైకెత్తి గోడమీద ఉన్న స్విచ్చులన్నీ దించేసింది. కారుది కూడా.

మర్నాడు పొద్దున్నే అత్త నాకు ఫోన్ చేసింది.  కారు ఖాళీగా ఉంది, మీ ఊరిదాకా వస్తాదేమో అంతే, అంది. ఎవరినీ తిట్టలేదు. తనను తాను కూడా తిట్టుకోలేదు. చీరలు వేళకు పోవాల, ఏం చేద్దాం చెప్పు, అని మాత్రం అడిగింది. మెల్లిగా నడుపుకుంటూ మా ఊరికి రా అన్నాను. వల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏసీ ఆపి, కిటికీలు దించి, లారీల వెనకాల నిదానంగా వచ్చింది. ఊరి బయట పెద్దరోడ్డు మీద డబ్బులు కట్టి వాడుకునే పెద్ద ఛార్జర్ ఒకటి ఉంది. అక్కడ పెట్టించాను. ఆ లావు వైరు చూసి ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. చెప్పులు లేని కాళ్లతో సిమెంటు గట్టుమీద కూర్చుని, అంకెలు గబగబా పెరుగుతుంటే చెయ్యి తిప్పి ఆ వైరు మీద పెట్టింది. వెంటనే తీసేసింది. "జ్వరం" అంది. మెల్లిగా తాగిందే నిలుస్తాదన్న మనిషి ఆ పెద్ద ఛార్జర్ దగ్గర చేతులు కట్టుకుని కూర్చోవడం చూస్తే నాకు నవ్వాగలేదు. నవ్వురా, నీ పూట వచ్చింది నవ్వు, అని తనూ నవ్వింది. నేనూ వాళ్లతో కారెక్కాను, ఆ రోజు వేళకే మద్రాసు చేరాం. ఇంటావిడ చీరలు ఒక్కొక్కటే విప్పి, మడతలు చూసి, మారు మాట లేకుండా లోపలికి తీసుకెళ్లింది. తర్వాత వాళ్ల చుట్టాలూ వచ్చారు.

తిరిగి ఇంటికి చేరాక ఆవిడ చేసిన మొదటి పని, ఎర్ర నూలు ఒక పిడికెడు తీసి కారు స్విచ్చుకు చుట్టి ముడి వేయడం. ఇది మగ్గానిది కాదు, ఎవరూ దించకూడదు అని వీధికంతా చెప్పింది. ప్రత్యేకంగా వల్లిని పిలిచి చూపించింది. అప్పటికే వల్లికి కారు నేర్పడం మొదలుపెట్టింది. నేర్పేటప్పుడు నాకు వినపడేలా, మీ అన్న నేర్పిన మాదిరి నేర్చుకోవద్దు, కాళ్లు చెప్పిన మాదిరి నేర్చుకో అనేది.

అలా మరో రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు ఎండ ఎక్కగానే కారుకు వైరు గుచ్చి, నీళ్లు పోసి, మామకు జవాబు చెప్పి లోపలికెళ్లిన మనిషి, భోజనం చేసి నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. నేను వెళ్లేసరికి వీధి నిండా జనం. వీధిలో ఎవరైనా పోతే మగ్గాలు ఆపేస్తారు. ఎవరో మగ్గం గదిలోకెళ్లి స్విచ్చు దించేశారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వెనకవైపు తాకి చూశాను. దాన్ని గురించి ఇంకేమీ రాయలేను.

కర్మలన్నీ ముగిసేదాకా కారు ముఖం ఎవరూ చూడలేదు. మామ గుంటలో దిగలేదు. ఆయన చూపు మసక, ఆవిడ లేదు, ఇక ఈ మగ్గం విప్పేద్దామని ఆయన తమ్ముడు మెల్లిగా అన్నాడు. ఒకటి విప్పితే మిగతా మూడూ ఎన్నాళ్లుంటాయి అని అందరికీ తెలుసు. మామ తల వంచుకుని కూర్చున్నాడు. ఆ మూలన, ముందే నేసి ఉంచిన చీరలు తెల్లగుడ్డలో కట్టి అలాగే ఉన్నాయి. మద్రాసునుంచి రెండుసార్లు ఫోన్ వచ్చిందని వల్లి నాతో చెప్పింది. సంగతి తెలిసి, మెల్లిగా పంపండి అన్నారట. పోదామా అన్నా అని అడిగింది. కారులో ఛార్జింగు ఉండదేమో అన్నాను. మగ్గం గది స్విచ్చు దించేసి ఎన్నాళ్లయిందో.

వల్లి తాళం తిప్పింది. తెరమీద బ్యాటరీ నిండుగా చూపించింది. ఇద్దరం దిగి మగ్గం గదిలోకి వెళ్లాం. గోడమీద మగ్గం స్విచ్చు కిందికి దించి ఉంది. పక్కన ఎర్ర నూలు చుట్టిన స్విచ్చు పైకే ఉంది. ఆ గందరగోళంలో దించిన చెయ్యి ఎవరిదో గానీ, ఆ ముడి చూసి దాన్ని వదిలేసింది. ఆవిడ పోయాక కూడా ఆ మధ్యాహ్నమంతా కారు తన పాటికి తాను మెల్లిగా తాగుతూనే ఉంది. వల్లి ఆ నూలు పట్టుకుని భోరున ఏడ్చింది. నేను బయటికొచ్చి చీరల మూట కారులో పెట్టాను.

ఆ రోజు మేము మద్రాసు వెళ్లి వచ్చింది ఆవిడ పెట్టిన ఛార్జింగుతోనే. దారిలో ఎక్కడా ఆగలేదు. వల్లి చెప్పులు విడిచి, కాళ్ల దగ్గరే పెట్టుకుని నడిపింది, ఆ ఒక్కటి అత్తకంటే తెలివిగా నేర్చుకుంది. ఆ ఇంటావిడ చీరలు తీసుకుని, ఇంకో పెళ్లి ఉంది, నాలుగు మగ్గాల మీదా వేయండి అని చెప్పింది.

ఆ రాత్రి నేను తిరుత్తణిలోనే ఉండిపోయాను. మర్నాడు ఎండ ఎక్కుతుండగా లేచి చూస్తే మామ స్నానం చేసి, గోడ పట్టుకుంటూ మగ్గం గదిలోకి వెళ్తున్నాడు. గుంటలో దిగాడు. పోగులు తడుముకున్నాడు. బయట వల్లి వైరు తీసి కారుకు గుచ్చింది. ఎర్త్ గుంతకు చెంబుడు నీళ్లు పోసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. లోపల నాడె రెండుసార్లు ఆడి ఆగింది.

"ఏంది, తాగతా ఉందా?" అని మామ అడిగాడు. అలవాటుగా అడిగేశాడు. అడిగాక ఆయనకే తెలిసొచ్చినట్టుంది, నాడె మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.  వల్లి నాకేసి చూసింది. తర్వాత చెయ్యి వెనక్కి తిప్పి ప్లగ్గు మీద ఆనించి, ఎప్పుడూ ఆవిడ నిలబడినంతసేపూ నిలబడింది.

"తాగతా ఉండాది మామా" అంది.

మగ్గం కదిలింది. కాసేపటికి పక్కింటిదీ, దాని పక్కదీ మొదలయ్యాయి.